కొత్త పార్టు వేయించే ముందు రుజువు అడగండి: కారు మెకానిక్‌ని వెతుక్కునే పద్ధతి

మాది 2014 స్విఫ్ట్, పెట్రోలు బండి. 2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. విజయవాడ పటమట నుంచి కంకిపాడు అవతల ఉన్న మా స్కూలుకి బందరు రోడ్డు మీద రోజూ నేనే నడుపుకుంటూ వెళ్లొస్తాను. రానూ పోనూ నలభై కిలోమీటర్లు. ఇంజిన్ గురించి నేనేమీ చదువుకోలేదు, తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని. అయినా ఈ ఐదారేళ్లలో బండి బాగుచేయించుకోవడం మాత్రం బాగానే నేర్చుకున్నాను. మా స్టాఫ్ రూములో ఎవరి కారుకి ఏం వచ్చినా నన్ను అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు నాకు జరిగింది చెప్పాలి. రెండేళ్ల కిందట వానాకాలంలో, ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని శబ్దం మొదలైంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు, గుంతల్లో మెల్లగా పోయేటప్పుడు మాత్రమే వచ్చేది. నున్నటి రోడ్డు మీద ఏమీ లేదు. ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. అక్కడి అడ్వైజర్ ఐదు నిమిషాలు నడిపి చూసి, స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను తిప్పే భాగం) పోయిందనీ, ముందు షాక్ అబ్సార్బర్లు కూడా రెండూ మార్చాలనీ చెప్పి 31,400 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు. "ఇలాగే తిప్పితే రోడ్డు మధ్యలో స్టీరింగ్ పట్టేస్తుంది మేడం" అన్నాడు. వెనక సీట్లో మా అబ్బాయి ఉన్నాడు. ఆ మాటకి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నెలాఖరు కాబట్టి, ఖాతాలో అంత డబ్బు లేదు కాబట్టి ఆగాను గానీ, లేకపోతే అప్పుడే సంతకం పెట్టేసేదాన్ని.

మర్నాడు ఆటోనగర్‌లో ఇంకో షెడ్డుకి వెళ్లి, "ర్యాక్ పోయిందంటున్నారండీ, మీరెంతకు చేస్తారు?" అని అడిగాను. ఆయన స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి, "ర్యాకే అమ్మా, 22 వేలకు చేసిస్తాను" అన్నాడు. తొమ్మిది వేలు మిగిలాయని సంతోషపడ్డాను. స్కూల్లో ఈ సంగతి చెప్తుంటే, పిల్లల్ని దింపే ఆటో డ్రైవర్ ఒకాయన విని ఒక్కటే అడిగాడు: "టీచర్ గారూ, ఆయన బండి కింద దూరి చూశాడా?"

చూడలేదు. మొదటాయన కూడా చూడలేదు.

ఆ ఆటో డ్రైవర్ చెప్పిన షెడ్డుకి శనివారం సాయంత్రం వెళ్లాను. ఈసారి ర్యాక్ ఊసే ఎత్తలేదు. "ముందు ఎడమ పక్క శబ్దం వస్తోందండీ" అని మాత్రం చెప్పాను. యాభై ఏళ్లు దాటిన మనిషి. వెంటనే బానెట్ ఎత్తలేదు. ఎంత స్పీడులో వస్తోంది, బ్రేకు తొక్కితే వస్తోందా, మలుపు తిరిగేటప్పుడు వస్తోందా, ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. పక్క సీట్లో కూర్చుని నన్నే నడపమన్నాడు. షెడ్డు వెనక గుంతల రోడ్డు మీద రెండు రౌండ్లు వేశాం. తర్వాత జాకీ ఎత్తి, చక్రాన్ని రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని ఊపాడు, నిలువుగా పట్టుకుని ఊపాడు. అడ్డంగా ఊగితే స్టీరింగ్ ఎండో ర్యాకో, నిలువుగా ఊగితే బాల్ జాయింటో బేరింగో అని చెప్తూ చేశాడు. రెండు రకాలుగానూ చక్రం బిగుతుగానే ఉంది. లీవర్ రాడ్డు పెట్టి లోయర్ ఆర్మ్ బుష్‌లు కదిపి చూశాడు. అవీ బాగానే ఉన్నాయి.

ఆ తర్వాత చేసిన పని చూశాకే నాకు ఆయన మీద గురి కుదిరింది. రెండు పక్కలా లింక్ రాడ్లు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీకి తగిలించి ఉండేవి) విప్పేసి, కింద గోనెసంచి మీద పెట్టి, "ఇప్పుడు అదే రోడ్డు మీద మెల్లగా తీసుకెళ్లండమ్మా" అన్నాడు. వెళ్లాం. శబ్దం లేదు. ఒక్క గుంతలో కూడా రాలేదు. తిరిగొచ్చాక ఎడమ పక్క రాడ్డు నా చేతిలో పెట్టాడు. జానెడు పొడవున్న ఇనప కడ్డీ, రెండు చివరలా రబ్బరు తొడుగు వేసిన గుండ్రటి కీలు. ఒక చివర తొడుగు చిరిగిపోయి నీళ్లు, మట్టి చేరాయి. ఊపితే గిలక్కాయలా మోగింది. కుడి పక్కది పట్టుకుంటే వేలితో తిప్పడానికి కూడా గట్టిగా ఉంది. "రెండో పక్కది ఇంకా పనికొస్తుంది గానీ, ఒకేసారి రెండూ వేసుకుంటే మీకు మళ్లీ లేబర్ తప్పుతుంది" అన్నాడు. రెండూ కలిపి, లేబర్‌తో సహా 2,150 రూపాయలయ్యింది. ఆ ర్యాకూ, ఆ షాక్ అబ్సార్బర్లూ ఇప్పటికీ బండిలోనే ఉన్నాయి.

మొదటి ఇద్దరూ మోసగాళ్లని నేననను. ఒకరు కింద చూడకుండా చెప్పారు, రెండోవారు నేను చెప్పిందే తిరిగి నాకు చెప్పారు. తేడా అంతా రుజువులో ఉంది. మూడో ఆయన కొత్తది వేయకముందే, పాతది తీసేస్తే జబ్బు పోతోందని నాకు చూపించాడు. అప్పటి నుంచి నేను వెతికేది ఆ గుణం ఉన్న మనిషినే.

రెండో అభిప్రాయానికి వెళ్లినప్పుడు

మొదటివాళ్లు ఏమన్నారో, ఎంత అడిగారో చెప్పకండి. ఇది నేను 22 వేల రూపాయల ఎస్టిమేట్‌తో నేర్చుకున్న సంగతి. "ర్యాక్ పోయిందంట" అన్నారంటే మీరు అడుగుతున్నది రోగం గురించి కాదు, రేటు గురించి. పాత ఎస్టిమేట్ కాగితం డాష్‌బోర్డు మీద కనబడేలా కూడా పెట్టకండి. బండిలో మీకు ఏం కనిపిస్తోందో, ఏం వినిపిస్తోందో అంతవరకే చెప్పండి.

అది చెప్పడానికి కొంచెం ముందే తయారవ్వాలి. గ్లవ్ బాక్సులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. శబ్దం వచ్చిన రోజే రాస్తాను: ఏ పక్క, ఎంత స్పీడు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఏసీ వేస్తేనా తీసేసినా వస్తోందా, వాన పడ్డాకా, నలుగురు ఎక్కితేనా. ఫోనులో వీడియో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. షెడ్డు దగ్గరకు వెళ్లేసరికి శబ్దం మాయమవడం మామూలే. ఒంటరిగా వెళ్తే ఆడవాళ్లని మోసం చేస్తారు, మగవాళ్లను వెంటబెట్టుకెళ్లమని నాకు చాలామంది చెప్పారు. నేను తీసుకెళ్లను. ఈ నోటుబుక్కు తీసుకెళ్తాను. తారీఖులతో సహా చదివి వినిపిస్తే ఎదుటి మనిషి మాట తీరే మారిపోతుంది.

చూసినందుకు డబ్బులివ్వండి. ముందే చెప్పండి: "అన్నయ్యగారూ, ఇవాళ పని చేయించను, చూసి చెప్పండి చాలు, చూసినందుకు ఎంతో చెప్పండి." నేను మూడొందల నుంచి ఐదొందల దాకా ఇస్తాను. జాకీ ఎత్తి గంటసేపు చూసినవాడికి ఊరికే థాంక్స్ చెప్పి వచ్చేస్తే, ఆ గంట కూలి ఆయన ఇంకో బండి మీద రాబట్టుకోవాలి. డబ్బులు ఇస్తానన్నప్పుడు ఆయనకు పార్టు అమ్మాల్సిన అవసరం ఉండదు. ఈ ఒక్క పద్ధతి వల్ల నాకు "ఇప్పుడేం అక్కర్లేదమ్మా, ఇంకో ఆరు నెలలు చూడండి" అనే మాట చాలాసార్లు వినబడింది.

రెండు అభిప్రాయాలూ కలవకపోతే ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడగండి: "అదేనని ఎలా తెలుసుకోవచ్చు?" జవాబు చెప్పగలిగినవాళ్ల వైపు మొగ్గండి. "మా అనుభవం అమ్మా" అన్నది జవాబు కాదు. ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా రక్త పరీక్ష రాస్తారు కదా.

ఏ రోగానికి ఏ రుజువు

ఎక్కువగా వచ్చే కొన్నిటికి నాకు తెలిసినవి చెప్తాను.

పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోతే బ్యాటరీ అంటారు, లేదా డైనమో అంటారు. మల్టీమీటర్ పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. రాత్రంతా ఆగిన బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజిన్ ఆన్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్య వస్తే డైనమో చార్జింగ్ ఇస్తోందన్నమాట. ఆన్ చేశాక కూడా 12 దగ్గరే ఉండిపోతే, కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో మళ్లీ అదే గతి. అందుకే మీటర్ పెట్టకుండా బ్యాటరీ మార్చమన్నవాళ్ల మాట నేను వినను.

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టమనండి. వచ్చిన కోడ్ నంబరు అడిగి రాసుకోండి. కోడ్ అంటే పోయిన పార్టు పేరు కాదు, జబ్బు లక్షణం మాత్రమే. ఉదాహరణకి పి0301 అంటే ఒకటో సిలిండర్ సరిగ్గా మండటం లేదని. దానికి కారణం ప్లగ్గు కావచ్చు, ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ కావచ్చు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కావచ్చు. ఒక్కో సిలిండర్‌కి విడి కాయిల్ ఉన్న బళ్లలో, ఒకటో దాని కాయిల్ తీసి రెండో దానికి, రెండో దానిది ఒకటో దానికి మార్చి చూస్తారు. కోడ్ పి0302కి మారిందంటే కాయిలే. మారకపోతే కాయిల్ బాగున్నట్టే. రూపాయి ఖర్చు లేని రుజువు ఇది. "కాయిల్స్ నాలుగూ మార్చేద్దాం" అన్నప్పుడు ఇది చేయించమని అడగండి.

క్లచ్ ప్లేటు పోయిందంటే మీరే చూసుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో యాభైలో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ అరుపు పెరిగి బండి స్పీడు అందుకోకపోతే క్లచ్ జారుతోంది. అరుపూ స్పీడూ కలిసి పెరిగితే, ఆ అనుమానం పక్కనపెట్టి వేరేది చూడమనాలి.

ఏసీ సంగతి మన ఊళ్లలో ముఖ్యం. విజయవాడ మే నెల ఎండలో ఏసీ చల్లబడకపోతే ప్రాణం పోయినట్టు ఉంటుంది కాబట్టి ఏం చెప్తే దానికి ఊఁ అంటాం. గ్యాస్ ఖర్చయిపోయే వస్తువు కాదు, పెట్రోలులా కాలిపోదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతుంటుంది. ప్రతి వేసవికీ గ్యాస్ నింపాల్సి వస్తోందంటే ఎక్కడో లీకుంది. లీకు వెతక్కుండా గ్యాస్ కొట్టడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి సబ్బు నురగతో జాయింట్లు చూడమనండి. అంతకన్నా ముందు క్యాబిన్ ఫిల్టర్ (కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టేది) తీసి చూడమనండి. మా పక్కింటివాళ్ల బండిలో అది దుమ్ముతో పరుపులా తయారైంది. అది మార్చాక గాలి మామూలుగా వచ్చింది.

ఇంజిన్ దించాలి, హెడ్ గ్యాస్‌కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయింది అన్నారంటే అది పెద్ద ఖర్చు, తొందరపడొద్దు. కూలెంట్ తగ్గిపోతోందా, ఆయిల్ మూత లోపల పాల మీగడలాంటి జిగురు ఉందా, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తోందా అని చూడాలి. కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ టెస్ట్ పెట్టించాలి. గొట్టం చిరిగినా, వాటర్ పంపు కారినా కూలెంట్ తగ్గుతుంది. (ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం ఎప్పుడూ తీయకండి, మరిగే నీళ్లు ముఖం మీదకు ఎగజిమ్ముతాయి.)

బ్రేకు ప్యాడ్లయితే చక్రం విప్పించి కళ్లతో చూడొచ్చు. అరిగి మూడు మిల్లీమీటర్ల మందమే మిగిలితే మార్చుకోవాలి.

ఒకటి గుర్తుంచుకోండి. బ్రేకు పెడల్ కిందికి దిగిపోతున్నా, స్టీరింగ్ వదులైనా, పెట్రోలు వాసన వస్తున్నా, ఎర్రటి ఆయిల్ దీపం వెలిగినా, టెంపరేచర్ ముల్లు పైకి పోయినా రెండో అభిప్రాయం కోసం బండి నడుపుకుంటూ తిరగొద్దు. అక్కడే ఆపేయాలి. రెండో అభిప్రాయం కావాలంటే టోయింగ్ బండి మీద తీసుకెళ్లండి, లేదా మెకానిక్‌నే రప్పించుకోండి. మీ ఇన్సూరెన్సులో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో ఇప్పుడే చూసి నంబరు ఫోన్లో పెట్టుకోండి.

మనిషిని ఎక్కడ వెతకాలి

బండి బాగున్నప్పుడే వెతకాలి. రోడ్డు మధ్యలో ఆగిపోయినప్పుడు ఎవరు దొరికితే వాళ్లే దేవుడు.

నేను అడిగేది ట్యాక్సీ, ఆటో డ్రైవర్లని. వాళ్లకు బండి ఒక పూట ఆగితే ఆ పూట రాబడి పోయినట్టే. అనవసరంగా పార్టులు మార్చే మెకానిక్ దగ్గరకు రెండోసారి వెళ్లరు. మీ మోడల్ కారే నడిపే ట్యాక్సీ డ్రైవర్ దొరికితే ఇంకా మంచిది. స్పేర్ పార్టుల కొట్టువాళ్లను కూడా అడగండి. ఎవరు ఏ రకం సామాను కొంటారో, ఎవరు ఒరిజినల్ అడుగుతారో, ఎవరు డూప్లికేట్ పట్టుకెళ్తారో కౌంటర్ మీద ఉన్న మనిషికి తెలుసు. మీ సొంత కారుకి ఎవరితో చేయిస్తారని అడిగితే చాలు.

మా జవహర్ ఆటోనగర్ లాంటి చోట్ల ఒక చిక్కుంది. అక్కడ ఒక్కో పనికి ఒక్కో నిపుణుడు. రేడియేటర్ వాళ్లు వేరు, సెల్ఫ్-డైనమో వాళ్లు వేరు, ఏసీ వాళ్లు వేరు, టింకరింగ్ వేరు. వాళ్ల పనిలో వాళ్లకు తిరుగులేదు. కానీ రోగం ఏమిటో తెలియకుండా నేరుగా వెళ్తే, రేడియేటర్ ఆయనకు మీ బండిలో రేడియేటరే కనబడుతుంది. ముందు అన్నీ చూసే జనరల్ మెకానిక్‌తో రోగం తేల్చుకుని, ఆ తర్వాత నిపుణుడి దగ్గరకు వెళ్లండి.

కంపెనీ సర్వీస్ సెంటర్ వద్దని కాదు. వారంటీలో ఉన్న బండికి అదే దారి. బయట విప్పిస్తే వారంటీ మీద పేచీ వస్తుంది. అక్కడ మనతో మాట్లాడే అడ్వైజర్ వేరు, చేతికి గ్రీజు అంటేది వేరేవాళ్లకు. బండి కింద చూసిన మెకానిక్‌తోనే ఒకసారి మాట్లాడతానని అడగండి. నేను అడిగినప్పుడు రెండుసార్లు పిలిపించారు. మెకానిక్ చెప్పింది, ఎస్టిమేట్‌లో ఉన్నది ఒకటి కాకపోవడం ఒకసారి నా కళ్లారా చూశాను.

కొత్త మనిషికి మొదట చిన్న పని ఇవ్వండి. ఆయిల్ మార్పు లాంటిది. ఆయిల్ ఎన్ని లీటర్లు పట్టాలో మాన్యువల్లో చూసుకుని బిల్లుతో పోల్చండి. పాత ఫిల్టర్ చూపించమనండి. ఎలా చూపిస్తాడో గమనించండి. విసుక్కుంటే ఆ మనిషితో పెద్ద పని పెట్టుకోకండి. అడగకముందే పాత సామాను డిక్కీలో పెట్టి ఉంచే షెడ్డులు ఉన్నాయి, అలాంటివాళ్లని వదులుకోకండి.

మంచి మెకానిక్ కూడా పొరబడతాడు. మా ఆయనే (మెకానిక్ గురించే చెప్తున్నాను, ఇప్పుడు ఇంటి మనిషిలా అయిపోయాడు) నిరుడు ఏసీ లీకు ఒక జాయింట్ దగ్గరని ఓ-రింగ్ మార్చాడు. పదిహేను రోజులకే చల్లదనం పోయింది. ఫోన్ చేస్తే, "నేనే సరిగ్గా చూడలేదమ్మా, తీసుకురండి" అన్నాడు. కండెన్సర్ (బండి ముందు ఉండే, ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) కింద మూలలో రాయి తగిలిన చిల్లు దొరికింది. గ్యాస్, లేబర్ రెండోసారి తీసుకోలేదు. కండెన్సర్ డబ్బు మాత్రం తీసుకున్నాడు. నిజాయితీపరుడు ఎవరో తప్పు జరిగాక తెలిసినంత బాగా ఇంకెప్పుడూ తెలియదు.

కాగితం విషయం

పని మొదలుపెట్టే ముందు ఎస్టిమేట్ రాతలో తీసుకోండి. పార్టులు విడిగా, లేబర్ విడిగా ఉండాలి. చిన్న షెడ్డయితే వాట్సాప్‌లో రాసి పంపమనండి. "ఇందులో లేనిది ఏదైనా చేయాల్సి వస్తే నాకు ఫోన్ చేశాకే చేయండి" అని మీరూ తిరిగి మెసేజ్ పెట్టండి. పార్టు డబ్బా సీలు మీ ఎదుట విప్పమనండి, ఎమ్మార్పీ చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే. పాత 28 శాతం వేసిన బిల్లు ఇస్తే అడగండి.

ఇంజిన్ ఫ్లషింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ డిస్ఇన్ఫెక్షన్, కింద యాంటీ రస్ట్ కోటింగ్ లాంటివి బిల్లులో కనబడితే, మాన్యువల్లో సర్వీస్ షెడ్యూల్ పేజీ తీసి, ఇది ఇక్కడ ఎక్కడుందో చూపించమనండి. లేకపోతే కొట్టించేయండి.

బిల్లు లేకుండా చేయించుకుంటే పన్ను మిగులుతుంది నిజమే గానీ, రేపు తేడా వస్తే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. చేయని పనికి డబ్బు తీసుకున్నా, పాడుచేసి కాదన్నా ముందు వాళ్లకే రాతపూర్వకంగా చెప్పండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే కేసు వేయడానికి ఫీజు లేదు. బిల్లు, ఎస్టిమేట్, వాట్సాప్ మెసేజ్‌లు, పాత పార్టు, రెండో మెకానిక్ రాసిచ్చిన కాగితం అన్నీ దాచుకోండి.

మొన్న ఆదివారం బండి సర్వీసుకి ఇచ్చాను. వెనక బ్రేకు షూలు తీసి చూపించి, "ఇంకో పదివేల కిలోమీటర్లు వస్తాయమ్మా, సంక్రాంతికి ఊరెళ్లొచ్చాక చూద్దాం" అన్నాడు. ఆ మాట తారీఖుతో, మీటర్ రీడింగ్‌తో నోటుబుక్కులో రాసుకున్నాను.